'మెర్సీ' అనాల్సిన చోట స్పానిష్‌లో ఏ మాట వాడాలి?

ఇంగ్లీషులో 'మెర్సీ' అన్న ఒక్క మాట చేసే చాకిరీ ఇంతా అంతా కాదు. ఉరిశిక్ష పడిన ఖైదీ రాష్ట్రపతికి పెట్టుకునే దరఖాస్తు మెర్సీ పిటిషన్. చర్చిలో మోకరిల్లినవారు పలికేది 'లార్డ్, హావ్ మెర్సీ'. తుపానులో చిక్కుకున్న పడవ అలల మెర్సీ మీద ఆధారపడి ఉంటుంది. బేస్‌బాల్‌లో ఒక జట్టు చిత్తుగా ఓడిపోతున్నప్పుడు ఆటను ముందుగానే ముగించే నియమానికి కూడా మెర్సీ రూల్ అనే పేరు. స్పానిష్‌లోకి వెళితే ఈ నాలుగు సందర్భాలకూ నాలుగు వేర్వేరు మాటలు కావలసివస్తాయి. నిఘంటువు తెరిస్తే మిసెరికోర్దియా, పియెదాద్, క్లెమెన్సియా, కొంపాసియోన్, మెర్సెద్ అని వరుసగా కనిపిస్తాయి గాని, వాటిలో దేన్ని ఎక్కడ వాడాలన్నది ఆ వరుసను బట్టి తేలదు.

హైదరాబాదులోని ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో స్పానిష్ చదువుతున్నవారైనా, అమెరికా బడుల్లో రెండో భాషగా దాన్ని ఎంచుకున్న తెలుగు పిల్లలైనా సాధారణంగా ఇంగ్లీషు మీదుగానే ఆ భాషలోకి అడుగుపెడతారు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇంగ్లీషును పక్కన పెట్టి తెలుగు నుంచి నేరుగా స్పానిష్‌కు వెళ్లడమే మేలని నా అభిప్రాయం. జాలి, కనికరం, కరుణ, కృప, దయ, క్షమాభిక్ష అని మనం ఇప్పటికే విడదీసుకున్న అర్థాలు ఇంగ్లీషులో ఒకే ముద్దగా కలిసిపోయి ఉన్నాయి. స్పానిష్ మళ్లీ విడదీస్తుంది. ఆ విభజన మన విభజనతో అచ్చంగా సరిపోదు గాని, మాట ఎంచుకునే ముందు వేసుకోవలసిన ప్రశ్నలు రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే. ఇస్తున్నవారు ఎవరు? ఇస్తున్నది మనసులోని భావమా, శిక్ష మాఫీయా, లేక ఒక వరమా?

ఉచ్చారణ గురించి ఒక మాట. స్పానిష్ త, ద మన దంత్యాక్షరాలకు దగ్గరగా ఉంటాయి కనుక తెలుగు లిపిలో రాసినది రాసినట్టే చదివితే చాలావరకు సరిపోతుంది. ఇంగ్లీషు అలవాటు కొద్దీ వాటిని ట, డలుగా పలకకూడదు. ఇక్కడి రాతలో లాటిన్ అమెరికా పద్ధతిని అనుసరిస్తున్నాను. స్పెయిన్‌లో ఎక్కువ ప్రాంతాలవారు క్లెమెన్సియాను 'క్లెమెన్థియా' అనీ, మెర్సెద్‌ను 'మెర్థెద్' అనీ, ఆ 'థ'ను ఇంగ్లీషు 'థింక్'లో మాదిరిగా నాలుకను పళ్ల మధ్య ఆనించి పలుకుతారు.

పియెదాద్, మిసెరికోర్దియా

అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేవి ఈ రెండే. లాటిన్‌లో 'మిసెర్' అంటే దీనుడు, 'కోర్' అంటే హృదయం. దీనుల వైపు మొగ్గిన హృదయం మిసెరికోర్దియా. అందుకే అది ప్రధానంగా ఒక గుణం పేరు, ఇచ్చేవారి స్వభావం పేరు. పియెదాద్‌లో ఆ స్వభావం కంటే ఆ క్షణంలో కలిగే కదలిక ఎక్కువ: ఎదుట ఒకరు నిస్సహాయంగా నిలబడి ఉన్నారు, చేయెత్తినవారు ఆగారు. కాబట్టి కేకలోనూ వేడుకోలులోనూ పియెదాద్, వర్ణనలోనూ ప్రశంసలోనూ మిసెరికోర్దియా అన్నది మొదటి అడుగుగా పెట్టుకోవచ్చు.

దీన్ని ఒకే వాక్యంలో చూడాలంటే 51వ కీర్తన మొదటి వచనం చాలు. స్పానిష్ ప్రొటెస్టెంట్లు విరివిగా వాడే రేయినా-వలేరా బైబిలు 1960 కూర్పులో అది 'తెన్ పియెదాద్ దె మీ, ఓ దియోస్, కొన్‌ఫోర్మె ఆ తు మిసెరికోర్దియా' అని మొదలవుతుంది. అడుగుతున్నది పియెదాద్, అడగడానికి ఆధారంగా చూపుతున్నది దేవుని మిసెరికోర్దియా. ఆ వెంటనే 'నీ పియెదాదెస్ సమృద్ధిని బట్టి' అని అదే మాట బహువచనంలో వస్తుంది. కింగ్ జేమ్స్ ఇంగ్లీషులో ఈ మూడు స్థానాల్లో వరుసగా 'మెర్సీ', 'లవింగ్‌కైండ్‌నెస్', 'టెండర్ మెర్సీస్' కనిపిస్తాయి. మన తెలుగు బైబిలు 'దేవా, నీ కృపచొప్పున నన్ను కరుణింపుము' అని, ఆపైన 'నీ వాత్సల్య బాహుళ్యముచొప్పున' అని అంటుంది. ఇంగ్లీషు అనువాదకులు మెర్సీతో మొదలుపెట్టి, అది చాలక ఒక జోడు మాటను తెచ్చి, చివరికి మెర్సీకే విశేషణం తగిలించవలసివచ్చిన చోట, తెలుగు అనువాదకులు మూడు స్వతంత్రమైన మాటలతో తేలిగ్గా దాటిపోయారు. మెర్సీ అని కనిపించిన ప్రతిచోటా మిసెరికోర్దియా అని రాసేవారు ఈ వచనంలోనే తప్పటడుగు వేస్తారు.

క్యాథలిక్ పూజలోనూ ఇదే అమరిక ఉంది. జనం బదులు పలికే ప్రార్థన 'సెన్యోర్, తెన్ పియెదాద్'. మరియమాతను స్తుతించే చోట 'రేయినా ఇ మాద్రె దె మిసెరికోర్దియా', అంటే కరుణామయి అయిన రాణి, తల్లి. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం, రోగులను పరామర్శించడం, చనిపోయినవారిని సమాధి చేయడం వంటి పనులు శరీరానికి సంబంధించినవి ఏడు, ఆత్మకు సంబంధించినవి ఏడు. ఈ పద్నాలుగింటికీ కలిపి 'ఓబ్రాస్ దె మిసెరికోర్దియా' అని పేరు. 2015 డిసెంబరు 8 నుంచి 2016 నవంబరు 20 వరకు పోప్ ఫ్రాన్సిస్ ప్రకటించిన ప్రత్యేక జూబిలీ సంవత్సరం కూడా మిసెరికోర్దియా పేరనే జరిగింది. ఈ చోట్ల పియెదాద్ పెడితే వ్యాకరణం చెడదు గాని, చెవికి వేరే విషయం చెబుతున్నట్టు ఉంటుంది.

ఈ గీత ఇనుప గీత మాత్రం కాదు. యెరికో దారిలో గుడ్డి బర్తిమయి పెట్టిన కేకను అదే రేయినా-వలేరా 'తెన్ మిసెరికోర్దియా దె మీ' అని రాసింది. పియెదాద్ అని వేడుకుంటే ఎక్కడా తప్పు కాదు, మిసెరికోర్దియా అని వేడుకుంటే భక్తి వాసన కాస్త ఎక్కువ అని గుర్తుంచుకుంటే సరిపోతుంది. దొంగ కత్తి చూపినప్పుడు సాధారణ స్పానిష్ మనిషి నోటి వెంట మిసెరికోర్దియా కంటే పియెదాద్ రావడమే సహజం.

వ్యతిరేకార్థాల్లోనూ పియెదాద్‌దే పైచేయి. కనికరం లేకుండా అనడానికి 'సిన్ పియెదాద్', నిర్దయుడికి 'దెస్పియదాదో'. 'ఇన్మిసెరికోర్దె' అనే విశేషణం ఉన్నా అది గ్రాంథికంగా వినిపిస్తుంది. క్రియ కావాలంటే 'అపియదార్సె', దానికి వెనుక 'దె' అన్న విభక్తి. ఫలానా వారిపై కనికరించడం అని అర్థం. మిసెరికోర్దియాకు వాడుకలో సరైన క్రియే లేదు. పోప్ ఫ్రాన్సిస్ తన లాటిన్ ధ్యేయవాక్యంలోని మొదటి మాటను స్పానిష్‌లో పెట్టడానికి 'మిసెరికోర్దియాందో' అని ఒక కొత్త రూపాన్ని సృష్టించుకోవలసివచ్చింది. ఆయన చెబితే చెల్లింది. పరీక్షలో మనం రాస్తే మార్కులు పోతాయి.

పియెదాద్‌కు భక్తి అన్న అర్థం కూడా ఉంది కాబట్టి 'పియదోసో' అంటే దయగలవాడు కావచ్చు, దైవభక్తి గలవాడు కావచ్చు. మిఖెలాంజెలో చెక్కిన తల్లీకొడుకుల శిల్పం పేరు స్పానిష్‌లో 'లా పియెదాద్'. ఇంగ్లీషువారు ఇటాలియన్ పేరునే అలాగే ఉంచుకున్నారు. ఎదుటివారు నొచ్చుకోకూడదని చెప్పే అబద్ధం 'మెంతీరా పియదోసా'. మెక్సికో నగరం నడిబొడ్డున, 1775లో పెద్రో రొమేరో దె తెర్రేరోస్ స్థాపించిన 'మోంతె దె పియెదాద్' ఉంది. పేరు చూసి గుడి అనుకుని లోపలికి వెళితే అక్కడ కనిపించేది నగలు తాకట్టు పెట్టుకుని అప్పులిచ్చే సంస్థ. వడ్డీ వ్యాపారుల బారిన పడకుండా పేదలను కాపాడాలన్న ఉద్దేశంతో ఐరోపాలో మొదలైన ఇలాంటి సంస్థలన్నిటికీ ఆ పేరే ఉండేది.

న్యాయస్థానంలో, ప్రభుత్వ కాగితాల్లో

చట్టం ఊసు వచ్చిన చోట పియెదాద్‌నూ మిసెరికోర్దియానూ పక్కన పెట్టేయాలి. అక్కడ భావానికి పని లేదు, అధికారానికి పని ఉంది. శిక్షించగలిగీ శిక్షను తగ్గించడం క్లెమెన్సియా. ఇది మొత్తం వర్గానికి పేరు. దాని కింద ఒక ఖైదీకి మిగిలిన శిక్షను రద్దుచేసే ఉత్తర్వు ఇందుల్తో. నేరాన్నే చట్టం దృష్టిలో లేకుండా చేసేది అమ్నిస్తీయా. ఇలాంటి మాఫీ ఇచ్చే అధికారానికి పేరు 'దెరేచో దె గ్రాసియా'. స్పెయిన్ రాజ్యాంగంలోని 62వ అధికరణం ఈ అధికారాన్ని చట్టానికి లోబడి రాజు పేరు మీద ఉంచి, సామూహిక ఇందుల్తోలకు వీల్లేదని చెబుతుంది. ఇందుల్తో మంజూరుకు అక్కడ నేటికీ ఆధారం 1870 నాటి చట్టమే.

ఇందుల్తోకూ అమ్నిస్తీయాకూ తేడా ఎంత బరువైనదో స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతపు వ్యవహారం చెబుతుంది. స్వాతంత్ర్య ఉద్యమానికి సంబంధించి జైలుపాలైన తొమ్మిదిమంది నాయకులకు 2021 జూన్‌లో ప్రభుత్వం ఇందుల్తోలు ఇచ్చింది; అంటే మిగిలిన జైలుశిక్ష పోయింది, దోషులన్న తీర్పు మాత్రం అలాగే నిలిచింది. 2024లో పార్లమెంటు ఆమోదించినది అమ్నిస్తీయా చట్టం. అది తీర్పు పడినవారికీ, ఇంకా విచారణ ఎదుర్కొంటున్నవారికీ కూడా వర్తించేలా రాసినది. ఈ రెండింటినీ మెర్సీ అనో, క్షమాభిక్ష అనో ఒకే గాటన కడితే వార్త అర్థమే మారిపోతుంది. తెలుగులో రాసేటప్పుడు మొదటిదానికి క్షమాభిక్ష, రెండోదానికి సార్వత్రిక క్షమాపణ అనే మాటలు సరిపోతాయి.

మరి మన మెర్సీ పిటిషన్‌ను స్పానిష్‌లో ఏమనాలి? భారత రాజ్యాంగంలోని 72వ అధికరణం కింద రాష్ట్రపతి, 161వ అధికరణం కింద గవర్నరు క్షమించడమే కాక, శిక్ష అమలును ఆపవచ్చు, తగ్గించవచ్చు, ఒక శిక్షను మరో తేలిక శిక్షగా మార్చవచ్చు. ఉరిని యావజ్జీవంగా మార్చమని అడిగేదాన్ని ఇందుల్తో అంటే ఇరుకవుతుంది కాబట్టి 'పెతిసియోన్ దె క్లెమెన్సియా' అన్నదే నా ఎంపిక. అమెరికా అధ్యక్షుడి విషయంలోనూ ఇదే పద్ధతి: అక్కడి ఇంగ్లీషులో క్లెమెన్సీ అన్నది మొత్తానికి పేరు, పార్డన్‌కు ఇందుల్తో, కమ్యుటేషన్‌కు 'కొన్ముతాసియోన్ దె లా పేనా'. పెరూలో 2017 డిసెంబరు 24న మాజీ అధ్యక్షుడు ఫుజిమోరికి అనారోగ్య కారణంతో ఇచ్చినది 'ఇందుల్తో ఉమనితారియో'. ఆ పేరులో మానవత్వం ఉంది గాని, పత్రం మాత్రం ఇందుల్తోయే.

ఇందుల్తోలో జాలి పాలు ఎంత తక్కువో తెలుసుకోవడానికి ఎద్దుల పోరు కంటే మంచి ఉదాహరణ దొరకదు. బరిలో ఎద్దు అసాధారణమైన పోరాటపటిమ చూపితే ప్రేక్షకులు తెల్ల రుమాళ్లు ఊపి దాన్ని చంపవద్దని అడుగుతారు. అధ్యక్షస్థానంలో ఉన్నవారు ఒప్పుకుంటే నారింజరంగు రుమాలు వేలాడదీస్తారు. ఎద్దు బతికి, మందలో ఆబోతుగా మిగిలిన జీవితం గడుపుతుంది. దీనికి పేరు ఇందుల్తో. ఆ ఎద్దు ఏ నేరమూ చేయలేదు, దాని మీద ఎవరికీ జాలి కలగలేదు; అది తన పరాక్రమంతో ప్రాణాన్ని సంపాదించుకుంది, అధికారంలో ఉన్నవారు ప్రకటించారు. రాజు ముద్ర పడే కాగితానికీ ఆ నారింజరంగు రుమాలుకూ ఒకే మాట ఉండడంలో అసంగతం ఏమీ లేదు. మాలగా నగరంలో పవిత్ర వారపు బుధవారంనాడు 'హెసూస్ ఎల్ రీకో' విగ్రహం ఊరేగింపులో ఒక ఖైదీని విడుదల చేసే ఆచారం ఉంది. భక్తి అంతా వీధిలోనే కనిపిస్తున్నా, తలుపు తెరిచేది ప్రభుత్వం ముందుగా మంజూరు చేసిన ఇందుల్తోయే.

క్లెమెన్సియాకు చట్టం బయట కూడా కొంత చోటుంది. ఇస్లాం ప్రార్థనా వాక్యాన్ని స్పానిష్‌లో 'ఎల్ క్లెమెన్తె, ఎల్ మిసెరికోర్దియోసో' అని కొందరూ, మొదటి మాటకు బదులు 'ఎల్ కొంపసీవో' అని మరికొందరూ అనువదిస్తారు. ఎండావానల తీవ్రత 'ఇన్‌క్లెమెన్సియాస్ దెల్ తియెంపో'. ఇంగ్లీషువారి ఇన్‌క్లెమెంట్ వెదర్‌కు ఇది తోబుట్టువు.

సమానుల మధ్య

పైన చెప్పిన మాటలన్నిటిలోనూ ఇచ్చేవారు ఎత్తులోనూ తీసుకునేవారు పల్లంలోనూ ఉంటారు. ఆ ఎత్తుపల్లాలు వద్దనుకున్న చోట, ముఖ్యంగా వైద్యం, సమాజసేవ, మనస్తత్వశాస్త్రం గురించి రాసేటప్పుడు, కొంపాసియోన్ వాడడం క్షేమం. తోడుగా బాధపడడం అన్నది దాని మూలార్థం, సహానుభూతికి దగ్గర. ఇంకా అనుమతి రాని మందును ప్రాణాపాయంలో ఉన్న రోగికి ప్రత్యేకంగా ఇవ్వడాన్ని ఇంగ్లీషులో కంపాషనేట్ యూజ్ అనీ, స్పానిష్‌లో 'ఉసో కొంపసీవో' అనీ అంటారు; ఇక్కడ పియదోసో అంటే నవ్వుతారు.

జాలికి స్పానిష్‌లో అచ్చంగా సరిపోయేది లాస్తిమా. మన జాలిలాగే దానిలోనూ చిన్నచూపు దాగి ఉంటుంది. 'నో మె తెంగాస్ లాస్తిమా' అంటే నా మీద జాలి పడకు అని, ఆత్మాభిమానం దెబ్బతిన్నవారు అనే మాట. 'కె లాస్తిమా' అంటే అయ్యో పాపం. స్పెయిన్‌లో 'కె పేనా' కూడా దాదాపు ఇంతే. మెక్సికో, మధ్య అమెరికా, కొలంబియాలకు వెళితే మాత్రం పేనా అంటే సిగ్గు, మొహమాటం. బొగోటాలో ఒకరు 'కె పేనా కొన్ ఉస్తెద్' అంటే మీ మీద జాలి పడుతున్నారని అనుకోకండి, మన్నించమని అడుగుతున్నారు.

మెర్సెద్

పుట్టుకను బట్టి ఇంగ్లీషు మెర్సీకి అసలు తోబుట్టువు ఇదే. రెండూ కూలి, ప్రతిఫలం అన్న అర్థమున్న లాటిన్ 'మెర్సెస్' నుంచి వచ్చాయి. అయినా కనికరం అన్న అర్థంలో మెర్సెద్‌ను నేడు ఎవరూ విడిగా వాడరు. 'ఆ మెర్సెద్ దె లాస్ ఓలాస్', అంటే అలల దయాదాక్షిణ్యాల మీద, అనే పడికట్టు ప్రయోగంలో మాత్రం దానికి పోటీ లేదు. పూర్వం రాజు ఇచ్చే ఈనాము కూడా మెర్సెద్. అమెరికాలోని న్యూ మెక్సికోలో స్పెయిన్ కాలంనాటి భూదానాలను ఇప్పటికీ అలాగే పిలుస్తారు. మనం 'తమరు', 'ఏలినవారు' అన్నట్టు పెద్దలను సంబోధించిన 'వుయెస్త్రా మెర్సెద్' అరిగి అరిగి నేటి 'ఉస్తెద్', అంటే మీరు, అయింది. వేడుకునేటప్పుడు ఇది అక్కరకు వస్తుంది: న్యాయమూర్తిని ఉస్తెద్ అని మన్నిస్తూ 'తెంగా క్లెమెన్సియా' అనాలి, దేవుణ్ణి మనలాగే నువ్వు అని పిలుస్తూ 'తెన్ పియెదాద్' అనాలి.

బందీలను డబ్బిచ్చి విడిపించడానికి 1218లో బార్సిలోనాలో పెద్రో నొలాస్కో స్థాపించిన మఠానికి మెర్సెద్ పేరే ఉంది. మెర్సేదెస్ అన్న ఆడపిల్లల పేరు ఆ మఠం కొలిచే మెర్సెద్ మాత, అంటే మరియమాత, పేరే. ఎమిల్ ఎల్లినెక్ అనే వ్యాపారి కూతురి మీదుగా అది కారుకు చేరింది. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో మెర్సీ అన్న పేరు మామూలే కాబట్టి, ఆ పేరుగల అమ్మాయి స్పానిష్ దేశానికి వెళ్లినప్పుడు మెర్సేదెస్‌గా మార్చవలసిన పని లేదు. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే ఉంచాలి.

వీటిలో ఏదీ పనికిరాని చోట్లు

ఇంగ్లీషులో మెర్సీ ఉన్నంత మాత్రాన స్పానిష్‌లో దయ ఊసు ఉండాలని లేదు. సమావేశం 'మెర్సిఫులీ షార్ట్' అన్నప్పుడు ఎవరూ ఎవరినీ కరుణించలేదు, బతికిపోయామని మాత్రమే అర్థం. అక్కడ 'పోర్ సుయెర్తె', అంటే అదృష్టవశాత్తూ, అంటే చాలు. యుద్ధంలో లొంగినా వదలకపోవడం 'సిన్ కువార్తెల్'. మెర్సీ రూల్‌ను కరీబియన్ ప్రాంతపు బేస్‌బాల్ వ్యాఖ్యాతలు బాక్సింగ్ నుంచి తెచ్చుకున్న 'నొకౌత్' అన్న మాటతో చెబుతారు. ఇంగ్లీషు ఓడినవారిపై దయ చూస్తే, స్పానిష్ గెలిచినవారి దెబ్బ చూసింది. మెర్సీ కిల్లింగ్‌కు మామూలు మాట 'ఎవుతనాసియా'. స్పెయిన్ 2021 చట్టం వాడినది అదే. కొలంబియా శిక్షాస్మృతిలో మాత్రం 'ఒమిసీదియో పోర్ పియెదాద్' అనే నేరం ఉంది, 1997లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన ప్రసిద్ధ తీర్పు దాని గురించినదే. కాబట్టి కొలంబియా చట్టం గురించి రాసేవారు ఆ పేరునే ఉంచాలి, మిగిలిన దేశాలకు దాన్ని అంటగట్టకూడదు.

స్పానిష్ నుంచి ఇంగ్లీషుకు వచ్చేటప్పుడు పని తేలిక. మిసెరికోర్దియాకు మెర్సీ, క్లెమెన్సియాకు న్యాయసందర్భంలో క్లెమెన్సీ, మిగతా చోట్ల మెర్సీ, లాస్తిమాకు పిటీ దాదాపు ఎప్పుడూ సరిపోతాయి. ఆగి చూడవలసినది పియెదాద్ దగ్గరే: 'తెనేర్' అనే క్రియతో వస్తే మెర్సీ, 'పోపులార్' అనే విశేషణంతో వస్తే జనసామాన్యపు భక్తి కనుక పయెటీ, మోంతె పక్కన వస్తే తాకట్టు దుకాణం.